ఉట్టెక్కిన రౌటర్

కొత్తగా ఈ పనిలోకి వచ్చే కుర్రాళ్ళు నన్ను మొదట అడిగేది ఒకటే. "సార్, ఇంటికి తక్కువ ధరలో మంచి రౌటర్ ఏది?" నేనేదో కంపెనీ పేరు చెప్తానని కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుంటారు. నేను చెప్పను. "ఎవరింటికి? ఆ ఇంట్లో ఎక్కడ పెడతారు?" అని ఎదురడుగుతాను. మొహాలు మాడ్చుకుంటారు. ముసలాడికి చాదస్తం ముదిరిందని బయటికెళ్ళి అనుకుంటారు కూడా. అనుకోనీ. అరకు లోయలో ఒకే ఒక్క రౌటర్ నన్ను మూడు వారాలు ఏడిపించింది. ఆ తర్వాత దాన్ని నేను గెలిచాను. నేను గెలిచానంటే మళ్ళీ అబద్ధం, ఒక ముసలమ్మ గెలిపించింది. ఆ గెలుపు గురించే రాస్తున్నాను. ప్రమోషన్ల ఊసు ఎత్తను. వచ్చినవి ఆలస్యంగా వచ్చాయి, కొన్ని రానేలేదు, ఆ జాబితా కావాలంటే మా ఆవిడ దగ్గర ఉంది.

నీళ్ళు అడిగి తాగమన్నాడు

నాది శృంగవరపుకోట దగ్గర పల్లె. తొంభైల మొదట్లో టెలిఫోన్ల శాఖలో లైన్‌మన్‌గా చేరి అనంతగిరి ఘాటు ఎక్కాను. అప్పుడు మాకు పని నేర్పినాయన అప్పలస్వామి అనే లైన్ ఇన్‌స్పెక్టరు. నోట్లో చుట్ట, చేతిలో కటింగ్ ప్లయరు, రెండూ ఎప్పుడూ దించేవాడు కాదు. మమ్మల్ని తిట్టని రోజు లేదు. కానీ పని మాత్రం దాచుకోకుండా చెప్పేవాడు.

ఆయన నాకు చెప్పిన మొదటి మాట స్తంభం ఎక్కడం గురించి కాదు. "ఒరే నూకరాజూ, కంప్లైంటు ఇంటికెల్తే ముందు మంచినీళ్ళు అడుగు. ఆళ్ళు లోపలికెల్లి తెచ్చీలోగా ఇల్లంతా సూసీ. ఫోను ఎక్కడుంది, తీగ ఎటునుంచి ఎటు పోతంది, పైకప్పు ఎక్కడ కారతంది, అన్నీ తెలిసిపోతాయి. నీళ్ళు తాగీసరికి సగం పనయిపోద్ది."

నేను తలూపాను. ఊపి, మర్నాటి నుంచి నా ప్లాస్టిక్ సీసాలో ఇంటి నుంచే నీళ్ళు తెచ్చుకున్నాను. కొండ నీళ్ళు తాగితే జ్వరం వస్తుందని మైదానం నుంచి వెళ్ళిన మేమంతా అనేవాళ్ళం. అది సగమే నిజం. మిగతా సగం మా పొగరు. కొండవాళ్ళ ఇంట్లోకి వెళ్ళి కూర్చోవడం, వాళ్ళ చెంబుతో తాగడం మాకు చిన్నతనంగా ఉండేది. వసారాలో నిలబడి మాట్లాడి, స్తంభమెక్కి, దిగి వచ్చేసేవాళ్ళం. దానికి మర్యాద అని పేరు పెట్టుకున్నాం. ఇది రాయడానికి నాకేమీ గొప్పగా లేదు. కానీ రాయకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు.

రెండు మేకల రౌటర్

అరకు ఎక్స్ఛేంజి నుంచి మూడు కిలోమీటర్ల పైన, రోడ్డు పక్క పల్లెలో సుందరమ్మ ఎస్.టి.డి. బూత్ నడిపేది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె కుడికాలు సన్నబడిపోయింది. వికలాంగుల కోటాలో బూత్ ఇచ్చారు. ఇంటి ముందు గదే బూత్. తొంభైలు, ఆ తర్వాత కొన్నేళ్ళు ఆ గది ముందు మనుషులు బారులు తీరి నిలబడేవాళ్ళు. పెదబయలు వైపు నుంచి కూడా నడిచొచ్చి కూతుళ్ళతో, అల్లుళ్ళతో మాట్లాడి వెళ్ళేవాళ్ళు.

తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి. ఏడాది తిరిగేసరికి బూత్‌లో ఈగలు తోలుకోవడమే. ఊళ్ళో మిగతా ఆడవాళ్ళకి కాఫీ తోటలున్నాయి, చోళ్ళు, అంటే రాగుల పంట ఉంది, విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కోసం అడవికి పోతారు. సుందరమ్మ కొండెక్కలేదు. ఆమెకు కూర్చుని చేసే పని ఉంటేనే ఇల్లు గడుస్తుంది. తల్లి బుద్రమ్మ, తాను, ఇద్దరే మనుషులు.

అప్పుడే ఒక అవకాశం వచ్చింది. చుట్టుపక్కల కాఫీ రైతులంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. పళ్ళ కోత మొదలయ్యాక ఏ ఊరి నుంచి ఎంత తూకం వచ్చిందో రోజూ సాయంత్రంలోగా విశాఖపట్నం కొనుగోలుదారుకి మెయిల్ పంపాలి. ఒక పాత కంప్యూటర్ తెచ్చి సుందరమ్మ బల్ల మీద పెట్టారు. సంఘం సెక్రటరీ సూటిగా చెప్పాడు. "నెట్టు నువ్వే ఏయించుకో అప్పా. దసరా కాడ్నించి నెల్లాళ్ళు పంపించి సూపించు. ఒక్కరోజు తప్పినా ఈ పని అరకు బజార్లో కొట్టోడికి ఇచ్చీడవే. మమ్మల్ని అనకు."

ఆమె తిన్నగా మా ఎక్స్ఛేంజికి ఆటోలో వచ్చింది. కర్ర ఆనించుకుని నా ముందు నిలబడి, "లైన్‌మన్ బాబూ, నెట్టు డబ్బా ఏది కొనాలో నువ్వే సెప్పాల. నాకు రెండు మేకలున్నాయి. అవి అమ్మీగా వొచ్చిందే నా దగ్గరున్నది" అంది.

అప్పుడు డిపార్ట్‌మెంటు డబ్బాలు స్టాకులో లేవు. బయట కొనుక్కోమని చెప్పేవాళ్ళం. నాకూ బ్రాడ్‌బ్యాండ్ కొత్తే. రౌటర్ అంటే ఫోను తీగలో వచ్చే నెట్టుని విడదీసి కంప్యూటర్‌కి అందించే డబ్బా అని రెండు రోజుల ట్రెయినింగ్‌లో చెప్పారు, అంతవరకే తెలుసు. కానీ తెలీదని ఒప్పుకుంటే యూనిఫాం పరువు ఏం కాను? విశాఖలో నాకు తెలిసిన డీలరుకి ఫోను చేశాను. "కొండ మీదకా? అయితే రెండు యాంటెన్నాలున్నది తీసుకెళ్ళండి గురువుగారూ, పవర్‌ఫుల్" అన్నాడు. గురువుగారూ అన్నాడుగా, నేను ఉబ్బిపోయాను. ఒకే ఒక్క కంప్యూటర్‌కి తీగతో తగిలించే ఇంట్లో యాంటెన్నాలు దేనికని నాకు తోచలేదు. సుందరమ్మ మేకలు రెండూ ఆ యాంటెన్నాలకే సరిపోయాయి.

స్తంభాలెక్కిన మూడు వారాలు

డబ్బా బిగించిన రోజు పచ్చ దీపాలన్నీ నిలకడగా వెలిగాయి. వారం తిరక్కుండా లైను పోతూ వస్తూ మొదలైంది. లింక్ దీపం కాసేపు వెలుగుతుంది, కాసేపు కొట్టుకుంటుంది, ఆరిపోతుంది. సుందరమ్మ ఫోను చేసింది. "బాబూ, నెట్టు పోనాది. బేగి రా."

వెళ్ళాను. వసారాలో నిలబడి గది కిటికీలోంచి డబ్బా చూశాను. బల్ల మీదే ఉంది. పైన కాస్త నల్లగా కనిపించింది. రోడ్డు మీద లారీల పొగ అనుకున్నాను. తప్పు లైనులోనే ఉందని తీర్మానించుకుని స్తంభమెక్కాను.

అలా మూడు వారాలు ఎక్కాను. ఆ వానల్లో పాచిపట్టిన స్తంభాలు. జాయింట్లన్నీ విప్పి కొత్తగా వేశాను. స్తంభం నుంచి ఇంటికొచ్చే డ్రాపు వైరు మార్చాను. ఒకచోట తీగ మీదకి వాలిన వెదురు కొట్టించాను, ఆ వెదురు యజమానితో తిట్లు తిన్నాను. ఎక్స్ఛేంజిలో ఆమె లైను తగిలించే పోర్టు మార్పించాను. మార్చిన రోజు బాగుంటుంది, రెండో రోజు మళ్ళీ మామూలే. మా సబ్ డివిజన్ ఆఫీసరు గారు రిజిస్టరు తిరగేసి, "ఏమయ్యా నూకరాజూ, ఈ జిల్లాలో నీకు ఈ ఒక్క ఇల్లే ఉందా?" అన్నారు. పక్కనున్న గుమస్తాలు నవ్వారు. చెవులు ఎర్రబడ్డాయి.

ఒకరోజు విసుగెత్తి సుందరమ్మ మీద కేకలేశాను. "డబ్బాని ఎవరైనా కెలుకుతున్నారా? పిల్లలు గానీ పడేశారా?"

ఆమె ఊరుకోలేదు. "కెలకడమేటి బాబూ! కంట్లో ఎట్టుకుని సూత్తన్నాం దాన్ని. నువ్వు స్తంభాలు కెలకతన్నావు గానీ, మాం డబ్బా కెలకలేదు" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "దసరాకి ఎన్నాళ్ళో లేదు. పని పోతే నాను ఏ కొండెక్కి బతకాల? నువ్వే సెప్పు" అంది.

డబ్బాయే పాడయిందేమో అని డీలరుకి ఫోను చేస్తే, సీలు తీశాక వెనక్కి తీసుకోనన్నాడు. ఈసారి గురువుగారూ అని పిలవలేదు.

వాన నాకు చేసిన మేలు

భాద్రపదంలో ఒక సాయంత్రం. జాయింట్ మళ్ళీ చూసి దిగేసరికి వాన దంచడం మొదలుపెట్టింది. నా స్కూటరు కదిలే పరిస్థితి లేదు. వసారాలో నిలబడి వణుకుతున్నాను. బుద్రమ్మ తలుపులోంచి తొంగి చూసింది. అన్నేళ్ళలో ఆమె నాతో పది మాటలు ఆడిందో లేదో.

"ఏటలా కోడి తడిసినట్టు నిలబడ్డావు? లోనికి రా. పొయ్యి కాడ కూకో."

వద్దందామనుకున్నాను. పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే నోట మాట రాలేదు. చెప్పులు విడిచి మొట్టమొదటిసారి ఆ ఇంట్లోకి అడుగుపెట్టాను. ముందు గది దాటితే వంటిల్లు. మధ్యలో పొయ్యి, పొయ్యి మీదుగా వెదురు తడక వేసిన అటక. అటక మీద మొక్కజొన్న కంకులు, సొరకాయ బుర్రలో విత్తనాలు, చిన్న బుట్టల్లో చోళ్ళు, సామలు. అన్నీ పొగచూరి నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఆమె చెంబుతో వేడి నీళ్ళిచ్చింది. తాగాను. అప్పలస్వామి గారు చెప్పిన పదిహేనేళ్ళకి తాగాను.

ఇంతలో సుందరమ్మ కంప్యూటర్ కట్టేసి, "అమ్మా, అయిపోనాది" అని కేకేసింది. బుద్రమ్మ లేచి ముందు గదిలోకి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతుల్లో, ఉతికిన గుడ్డలో చుట్టి, రెండు యాంటెన్నాలు బయటికి పెట్టుకుని, మా రౌటర్! నేను చూస్తుండగానే పొయ్యి పక్కనున్న పీటెక్కి, దాన్ని విత్తనాల బుర్రకీ కంకులకీ మధ్య జాగ్రత్తగా పడుకోబెట్టింది. అడాప్టర్‌ని కూడా దాని పక్కనే పెట్టింది. కింద పొయ్యిలో పచ్చి కర్ర బుసబుసమని పొగ చిమ్ముతోంది.

నోట్లో నీళ్ళు గొంతులో అడ్డం పడ్డాయి. "ఓరి నాయనో! ఇదేంటమ్మా?"

"రేతిరి ఈడే పడుకుంటాది. తెల్లారి మల్లీ తీసి ఇచ్చెస్తాను" అంది నిమ్మళంగా.

"రోజూనా?"

"రోజూ గాక? ముందు గదిలో ఎలకలు, సీమలు. ఇత్తనాలు ఎక్కడెడతాం? పొగలో ఎడతాం. పొగ తగిల్తే పురుగు ముట్టదు. దీనికి మాత్రం పురుగు పట్టదేటి? రెండు మేకలమ్మి కొన్నాం బాబూ."

ఆ ఇంట్లో అంతకన్నా భద్రమైన చోటు లేదు. వచ్చే ఏడు పంటకి కావలసినవన్నీ పెట్టుకునే చోట దాన్ని పెట్టారు. అది వాళ్ళకి పిల్లాడిని పడుకోబెట్టినంత మామూలు విషయం, నాతో చెప్పాలని తోచనే లేదు. డబ్బా అడిగి విప్పి చూశాను. లోపల జిడ్డు మసి. పిన్నులన్నీ నల్లగా పూత పూసినట్టున్నాయి. ప్లాస్టిక్ ఒకవైపు వేడికి కొద్దిగా వంగింది కూడా.

మొదట పకపకా నవ్వాను. సుందరమ్మ మొహం చూసి నవ్వు ఆగిపోయింది. "మా యమ్మే సంపీసిందా బాబూ దాన్ని?" అంది, కళ్ళనిండా నీళ్ళు.

"మీ అమ్మ కాదు, నేను" అన్నాను. నిజమే అన్నాను. మొదటి రోజే లోపలికొచ్చి ఒక చెంబు నీళ్ళు అడిగుంటే ఈ అటక చూసేవాణ్ణి. మూడు వారాలు ఊళ్ళో ఉన్న స్తంభాలన్నీ ఎక్కాను, ఒక్క గడప ఎక్కలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఏది కొనాలి

ఇంకో మేక లేదు. ఈసారి తక్కువలో కొనాలి, తప్పు జరగకూడదు. నా తప్పుకి సగం నేనే పెట్టుకుంటానన్నాను. సుందరమ్మ వద్దు వద్దంది, బుద్రమ్మ మాత్రం "పెట్టనీ" అంది.

ఈసారి డీలరుని అడగలేదు. కొనే ముందు అరువు తెచ్చి చూడాలని బుద్ధి పుట్టింది. అరకులో అప్పటికే నెట్టున్న మూడు చోట్ల నుంచి, ఒక్క సాయంత్రం పూటకని బతిమాలి మూడు రౌటర్లు సుందరమ్మ ఇంటికి తెచ్చాను. ఒకటి గెస్ట్‌హౌస్‌ది, ఒకటి మిషన్ హాస్టల్ ఫాదర్ గారిది, ఒకటి హైస్కూలు హెడ్‌మాస్టరు గారిది. సాయంత్రం ఎందుకంటే, ఊరంతా దీపాలు వేసుకునే వేళకి కొండ మీద కరెంటు నీరసించిపోతుంది. బల్బు ఎర్రటి నిప్పుకణికలా ఉంటుంది. ఆ వేళకి నిలబడిందే నిలబడినట్టు.

గెస్ట్‌హౌస్ డబ్బా చాలా ఖరీదు, మన పాతదానికి అన్నగారిలా ఉంది. దీపాలు వేయగానే చతికిలబడింది. ఫాదర్ గారిది అరగంట పోరాడి ఓడిపోయింది. హెడ్‌మాస్టరు గారిది చిన్న డబ్బా, కంప్యూటర్ తీగకి ఒకే పోర్టు, యాంటెన్నా లేదు. చూడ్డానికి సబ్బు పెట్టెలా ఉంది. అది మాత్రం పచ్చ దీపం ఆర్పకుండా కూర్చుంది. గంట చూశాను, రెండు గంటలు చూశాను. నిమ్మకు నీరెత్తినట్టు వెలుగుతూనే ఉంది.

అడాప్టర్లు మూడూ చేతిలోకి తీసుకున్నాను. మొదటి రెండూ ఇటుకల్లా బరువు, రెండువందల ముప్ఫై వోల్టులు అని రాసుంది. మూడోది తేలిగ్గా ఉంది, వంద నుంచి రెండువందల నలభై దాకా అని రాసుంది. అదీ కీలకం! కరెంటు ఎంత పడిపోయినా అది డబ్బాకి కావలసింది ఇస్తూనే ఉంటుంది. అప్పటి నుంచి నేను రౌటర్ కొనే ముందు డబ్బా చూడను, అడాప్టర్ వెనక చిన్నక్షరాలు చదువుతాను. మీరూ చదవండి. రెండో సంగతి, ఎక్స్ఛేంజికి దూరంగా ఉన్న ఇంటికి లైను వదలకుండా పట్టుకునే డబ్బా కావాలి. అది పెట్టె మీద రాసుండదు, ఆ లైను మీదే పెట్టి చూడాలి. మూడోది, ఒక కంప్యూటర్ ఉన్న ఇంటికి ఒక పోర్టు చాలు. మిగతావి డీలరు పిల్లల ఫీజులకి.

మర్నాడే అలాంటి సబ్బు పెట్టె తెప్పించాం. పాతదాని ధరలో సగం కూడా కాలేదు.

చీమలు

కథ ఇక్కడితో అయిపోతే నేను గొప్పవాణ్ణే. కానీ నేను ఇంకో తప్పు చేశాను. కొత్త డబ్బాని ముందు గదిలో బల్ల మీద పెట్టి, బుద్రమ్మకి గట్టిగా చెప్పాను. "దీన్ని ఎవరూ కదపొద్దు. పొయ్యి దగ్గరకి పోతే ఊరుకోను."

"సీమలు పడతాయి" అంది ఆమె.

"కరెంటు డబ్బాకి చీమలేంటమ్మా? అందులో బెల్లం ఉందా?" అని నవ్వాను.

పది రోజులకి సుందరమ్మ ఫోను. ఈసారి వసారాలో ఆగలేదు, తిన్నగా లోపలికే వెళ్ళాను. డబ్బా ఎత్తితే గాలి రంధ్రాల్లోంచి ఎర్రచీమలు, గుడ్లు నోట కరుచుకుని, వరసలు కట్టి దిగుతున్నాయి. వానాకాలం కదా, లోపల వెచ్చగా ఉందని కాపురం పెట్టేశాయి. బుద్రమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"నాను సెప్పలేదేటి? బెల్లం ఉందేటి అన్నావు. ఉందేమో ఏరుకో."

బ్రష్షుతో ఏరుకున్నాను. అదృష్టం, డబ్బా చావలేదు. శుభ్రం చేసి తగిలిస్తే పచ్చ దీపం వచ్చింది. బుద్రమ్మ మాటలో సగం నిజం, నా మాటలో సగం నిజం. పొగ కూడదు, నేలా కూడదు. దసరా వారం రోజుల్లో ఉంది.

"పోనీ ఉట్టి కడితే?" అంది బుద్రమ్మ.

ఆ మధ్యాహ్నమే వెదురు చీల్చి గాలాడేట్టు వెడల్పు కళ్ళున్న చిన్న బుట్ట అల్లింది. ఆమె చేతులు ఎంత చురుగ్గా కదిలాయంటే నేను చూస్తూ కూర్చున్నాను. ముందు గది దూలానికి తాడు కట్టి, బుట్టని మనిషి తల ఎత్తున వేలాడదీశాం. తాడుకీ, పైనుంచి వచ్చే తీగలకీ ఒక జానెడు మేర కానుగ నూనె రాసిన గుడ్డ చుట్టాం. అది ఆమె ఆలోచనే. తీగలు గోడకి తగలకుండా వంపు తిప్పడం నా ఆలోచన. వారానికోసారి నూనె రాయడం ఆమె వంతు. ఇక చీమ రావాలంటే ఎగరాలి.

దసరా నుంచి

దసరా మర్నాడు సుందరమ్మ మొదటి మెయిల్ పంపింది. ఆ మర్నాడే మా ఆఫీసరు గారు తనిఖీకి వచ్చారు. గదిలోకి అడుగుపెట్టి తలెత్తి చూసి, "ఇదేంటి నూకరాజూ, పెరుగు కుండా?" అన్నారు.

"రౌటర్ సార్."

"నువ్వు నవ్వులాట అనుకుంటున్నావా? తీయించు. గోడకి బిగించు. రూల్సు చూడు."

నా సర్వీసులో నేను ఆఫీసరుకి ఎదురు చెప్పింది తక్కువ. ఆరోజు చెప్పాను. "ఒక్క నెల ఆగండి సార్. ఈ లైను మీద ఒక్క కంప్లైంటు వచ్చినా నేనే మేకు కొడతాను, నా జీతం కోయండి."

ఆయన నా వైపు చూశారు, బుట్ట వైపు చూశారు. "నెలే" అని వెళ్ళిపోయారు.

ఆ నెల నేను రోజూ పొద్దున్నే ఎక్స్ఛేంజికి వెళ్ళి మొదట సుందరమ్మ పోర్టు చూసేవాణ్ణి. దీపం పచ్చగా ఉందంటే టీ తాగబుద్ధయ్యేది. పిడుగులొచ్చిన రోజున ఆమే తీగలు రెండూ పీకేసి, ఉరుములు తగ్గాక పెట్టి, సాయంత్రంలోగా మెయిల్ పంపేసింది. పదిరోజులు, ఇరవై రోజులు, నెల. ఒక్క కంప్లైంటు లేదు! ఆఖరి రోజు సంఘం సెక్రటరీ వచ్చి, "అప్పా, కాఫీ కోతకాలం అంతా నీదే. వొచ్చే యేడూ నీదే" అన్నాడు. సుందరమ్మ కర్ర పక్కన పెట్టేసి గోడ పట్టుకుని నిలబడింది, నవ్వుతూ, ఏడుస్తూ. బుద్రమ్మ నాకు ఇంత గిన్నెతో చోడి అంబలి తెచ్చిచ్చి, అయ్యేదాకా నా ఎదురుగా కూర్చుంది.

ఇంకా మజా ఉంది. తర్వాతి వానాకాలంలో గెస్ట్‌హౌస్ రౌటర్‌లో చీమలు. మిషన్ హాస్టల్‌లో చీమలు. ఆఖరికి మా ఆఫీసరు గారి క్వార్టర్స్‌లోనే చీమలు. ఆయన నన్ను గదిలోకి పిలిచి, తలుపేసి, గొంతు తగ్గించి అడిగారు. "ఆ ముసలావిడ ఇంకో ఉట్టి అల్లి ఇస్తుందా?" వెళ్ళి అడిగితే బుద్రమ్మ, "పెరుగు కుండ పెట్టుకోడానికా?" అంది. ఆయనన్న మాట ఆమెకి అక్షరం మర్చిపోకుండా గుర్తుంది. అల్లి ఇచ్చింది లెండి.

రిజిస్టరులో ఒక్క గీత

ఆ మొదటి ఏడాది రిజిస్టరులో సుందరమ్మ లైనుకి దసరా నుంచి ఒకే ఒక్క ఫాల్టు రాసుంది. చైత్రంలో, కొండ ఊళ్ళవాళ్ళు చేసుకునే ఇటుకల పండగ రోజు, నలభై నిమిషాలు. దాని గురించి చెప్పి ముగిస్తాను.

ఆరోజు ఎక్స్ఛేంజిలో ఆమె పోర్టు దీపం ఆరిపోయింది. ఫోనెత్తేవాళ్ళు లేరు. స్కూటరు తీశాను. దారిలో ఆడవాళ్ళు వెదురు గెడ అడ్డం పెట్టి, పాటలు పాడుతూ బళ్ళు ఆపుతున్నారు, పండక్కి అది ఆనవాయితీ. "ఫాల్టమ్మా, ఫాల్టు, వదలండి" అంటే వింటారా? "రెండడుగులెయ్యి, వొదుల్తాం" అన్నారు. హెల్మెట్‌తోనే వాళ్ళ చేతులు పట్టుకుని రెండడుగులు వేసి బయటపడ్డాను.

ఇంట్లో ఎవరూ లేరు. ఉట్టి ఖాళీగా ఊగుతోంది. ఊరి చివర గ్రామదేవుడు శంకుదేముడి రాళ్ళ దగ్గర డప్పులు వినిపిస్తే అటు పరిగెత్తాను. ప్రతి ఇంటి నుంచీ విత్తనాల బుట్టలు తెచ్చి పూజకి వరసగా పెట్టారు. బుద్రమ్మ బుట్టలో చోళ్ళు, సామలు, మొక్కజొన్నలు, వాటి నడుమ ఉతికిన గుడ్డలో మా సబ్బు పెట్టె. పూజారి అన్నిటి మీదా బియ్యం చల్లి పసుపు బొట్టు పెడుతూ, దాని దగ్గరకొచ్చి ఒక్క క్షణం ఆగి, దానికీ పెట్టాడు. గాలి రంధ్రాలకి తగలకుండా పెట్టాడు, దేవుడి దయ.

"ఏంటమ్మా ఇది?" అన్నాను రొప్పుతూ.

బుద్రమ్మ నన్ను వింతగా చూసింది, ఇంత తెలిసినవాడికి ఇది తెలీదా అన్నట్టు. "వొచ్చే యేడు మా కూడు ఏటిలోంచి వొస్తాదో అన్నీ తేవాల కదేటి. మా గుంట సుందరమ్మ కూడు దీన్లోంచే కదా వొస్తాది."

సుందరమ్మ పక్కనే నిలబడి నవ్వుతోంది. నేనూ చెప్పులు విడిచి చేతులు జోడించాను. పూజ అయ్యాక నేనే ఆ డబ్బాని ఇంటికి మోసుకొచ్చి, ఉట్టిలో పెట్టి, తీగ తగిలించాను. లింక్ దీపం రెండు సార్లు కొట్టుకుని పచ్చగా నిలబడింది.

సాయంత్రం ఎక్స్ఛేంజిలో ఫాల్టు రిజిస్టరు తీసి, కారణం అన్నచోట ఇలా రాశాను: విత్తనాలతో పాటు పూజకి వెళ్ళి వచ్చింది. లైను బాగుంది.

ఆఫీసరు గారు అది చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివి, కింద సంతకం పెట్టారు.